మూడు పూటలా పొడి తాగితే అన్నం మానేయొచ్చా?

విశాఖ అపార్ట్‌మెంట్ల, హాస్టళ్ల వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న మెసేజ్ సారాంశం: పోషకాల పొడి పూటకు రెండు స్కూపులు నీళ్లలో కలిపి మూడు పూటలా తాగితే అన్నం, కూర అక్కర్లేదు, విటమిన్ మాత్ర కలిపితే ఏ లోటూ ఉండదు, ఆస్పత్రుల్లో పేషెంట్లు అలాగే బతుకుతున్నారు, సైడ్ ఎఫెక్టులు లేవు.

"రెండేసి స్కూపులు చాలు." డబ్బా వెనక్కి తిప్పి చూడండి. స్కూపుకు 25 గ్రాములు అనుకున్నా రోజుకు 150 గ్రాములు. ఇలాంటి పొళ్లలో సాధారణంగా 100 గ్రాములకు 400–450 కిలోకేలరీలు. అంటే మొత్తం 650 దగ్గర. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కలో, కూర్చుని పనిచేసే 55 కిలోల స్త్రీకి 1660, 65 కిలోల పురుషుడికి 2110 కావాలి. పొడితోనే సరిపెట్టాలంటే ఆమెకు రోజుకో 400 గ్రాముల డబ్బా ఖాళీ. ఆ ఖర్చు ఊసే మెసేజ్‌లో లేదు! పైగా రోజుకు 800 కిలోకేలరీల లోపు తిండి డాక్టరు పర్యవేక్షణలో తప్ప పెట్టరు. కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది, పిత్తాశయంలో రాళ్ల ముప్పు పెరుగుతుంది.

"పేషెంట్లు బతుకుతున్నారుగా?" ఈ మాటలో పస ఉంది. ముక్కు గొట్టం ద్వారా ఇచ్చే ఫార్ములా (ద్రవ ఆహారం) మీదే ఉన్నవాళ్లున్నారు. క్రోన్స్ వ్యాధి (పేగుల్లో వాపు తెచ్చే జబ్బు) ఉన్న పిల్లలకు 6–8 వారాలు పూర్తిగా ఫార్ములాతోనే చికిత్స చేస్తారు. కానీ అది సంపూర్ణ ఆహారంగా తయారైన ఫార్ములా; మనిషి బరువును బట్టి మోతాదు కడతారు, రక్తపరీక్షలు చేస్తుంటారు. చాలా రోజులు తిండిలేని మనిషికి ఒక్కసారే పూర్తి మోతాదు ఇస్తే రక్తంలో ఫాస్ఫరస్ పడిపోయి గుండె లయ తప్పవచ్చు. మందుల షాపులో దొరికే "సప్లిమెంట్" భోజనానికి తోడుగా చేసింది, ఆ పని దానిది కాదు.

"విటమిన్ మాత్ర కలిపితే లోటుండదు." మాత్రలో కేలరీలూ ఉండవు, రోజుకు కనీసం 25 గ్రాములు కావలసిన పీచూ ఉండదు. రోజుకు కావలసిన 1000 మిల్లీగ్రాముల కాల్షియం ఒక్క మల్టీవిటమిన్ మాత్రలో పట్టదు. 100 గ్రాముల చోళ్లలోనే (రాగులు) సుమారు 350 ఉంటుంది.

"సైడ్ ఎఫెక్టులు లేవు." చిక్కగా ఉండాలని నీళ్లు తగ్గిస్తే కడుపునొప్పి, విరేచనాలు. మాల్టోడెక్స్‌ట్రిన్ (త్వరగా అరిగే పిండిపదార్థం) ఉన్న పొడి షుగర్‌ను వేగంగా పెంచుతుంది. కిడ్నీ జబ్బున్నవారికి పొటాషియం, ఫాస్ఫరస్ ప్రమాదం.

ముద్ద దిగని వృద్ధులకు, ఆపరేషన్ అయినవారికి ఇదే పొడి బాగా పనికొస్తుంది. స్కూపు తలకొట్టి కొలిచి, డబ్బా మీద చెప్పినన్ని కాచి చల్లార్చిన నీళ్లలో కలిపి, భోజనాల మధ్యలో కొద్దికొద్దిగా తాగించాలి. కలిపింది విశాఖ ఉక్కపోతలో రెండు గంటలు దాటి బయట ఉంటే పారబోయండి. డబ్బాలో తడి స్కూపు పెట్టొద్దు, పొడి గడ్డకడుతుంది.