ఎక్స్‌ట్రా బెడ్ అంటే నేనేనట

మధ్యాహ్నం మూడింటికి వచ్చింది మెసేజ్. ఇప్పుడు రాత్రి తొమ్మిదిన్నర. ఈలోగా పొయ్యి మీద పాలు రెండుసార్లు పొంగి పోయాయి. నా కోపం మాత్రం చల్లారలేదు, అందుకే ఇక్కడికి వచ్చాను.

మా తమ్ముడు కుటుంబం గ్రూపులో గదుల పట్టిక పెట్టాడు. డిసెంబరులో తొమ్మిది మందిమి బాలి వెళ్తున్నాం కదా. (వెళ్తున్నాం అని గ్రూపు అంటోంది, నేను అనడం లేదు.) అక్కడ నాలుగు పడక గదుల విల్లా తీసుకున్నాడట. మొదటి గది తనకీ మరదలికీ. రెండోది, కిటికీలోంచి ఈతకొలను కనిపించేది, పిల్లలిద్దరికీ. మూడోది మరదలి అమ్మానాన్నలకు. నాలుగోది, వంటగదిని ఆనుకుని ఉన్నది, మా అమ్మానాన్నలకు. ఆ నాలుగో గదికి ఎదురుగా ఒక కూడిక గుర్తు, దాని పక్కన 'ఎక్స్‌ట్రా బెడ్'.

అంతే. పేరు లేదు. మిగతా ఎనిమిది మందికీ పేర్లున్నాయి. ఆరేళ్ల మా మేనల్లుడికి ముద్దుపేరు, దాని పక్కన డైనోసార్ బొమ్మ కూడా ఉంది. నేను మాత్రం మడతమంచం.

సరే, పొరపాటున వదిలేశాడేమో అనుకుని 'ఇందులో నేనెక్కడ?' అని అడిగాను. 'అదే కదా అక్కా, ఎక్స్‌ట్రా బెడ్ నువ్వే' అన్నాడు. చివర నవ్వుతున్న ముఖం. దానికి మరదలు ఒక హృదయం పెట్టింది. వాళ్ల అమ్మగారు దండం పెట్టారు. ఎందుకు దండం పెట్టారో ఆవిడకే తెలియాలి, ఆవిడ అన్నిటికీ దండమే పెడతారు.

మా ఆయన ఎందుకు లేడు, మా అమ్మాయి ఎందుకు లేదు అని మీరు అడగొచ్చు. నేనూ అడిగాను. 'బావగారికి సెలవు దొరకదు, పాపది పదో తరగతి, డిసెంబరులో స్పెషల్ క్లాసులుంటాయి. నువ్వొక్కదానివి వస్తే చాలు అక్కా' అన్నాడు. చాలు! ఎవరికి చాలు? దేనికి చాలు? పాపది పదో తరగతి అని తెలిసినవాడికి, ఆ పాపకు పొద్దున్నే క్యారేజీ కట్టేది ఎవరో తెలియదా? నేనూ బడిలో లెక్కలు చెప్పేదాన్నే. తొమ్మిది రోజులు మానేస్తే తొమ్మిది రోజుల జీతం కోసేస్తారు. 'ప్రైవేటు స్కూలే కదా, అడిగితే ఇస్తారులే' అట. అమెరికాలో కూర్చుని పలాసలో నా సెలవు మంజూరు చేసేశాడు.

ఇక ఆ కార్యక్రమ పట్టిక చూడాలి మీరు. మూడో రోజు నుసా పెనిడా ద్వీపం. సనూర్ రేవు నుంచి స్పీడ్‌బోటులో వెళ్లాలి. అక్కడ కెలింగ్‌కింగ్ అని ఒక కొండ అంచు, కిందనున్న సముద్రతీరానికి నిట్టనిలువు మెట్లు, పట్టుకోవడానికి కర్రలు కట్టిన ఆసరా. దాని కింద చిన్న అక్షరాల్లో 'అమ్మ, నాన్న, అక్క: విల్లాలో విశ్రాంతి'. ఐదో రోజు బాతుర్ అగ్నిపర్వతం. 1,717 మీటర్ల కొండ, అర్ధరాత్రి దాటాక లేచి చీకట్లో ఎక్కి పైన సూర్యోదయం చూస్తారట. 'అమ్మ, నాన్న, అక్క: విశ్రాంతి'. ఏడాదికి రెండుసార్లు సూర్యకిరణాలు నేరుగా వచ్చి స్వామి పాదాల మీద పడే అరసవల్లి ఉన్న జిల్లాలో పుట్టినవాడు, సూర్యుడి కోసం సముద్రాలు దాటి అగ్నిపర్వతం ఎక్కుతాడట. కానివ్వండి. ఏడో రోజు జలపాతాలు. విశ్రాంతి. ఎనిమిదో రోజు 'పెద్దల విందు', అంటే తనూ మరదలూ ఇద్దరే. ఆ పూట విశ్రాంతి తీసుకునేవాళ్లలో పిల్లలు కూడా చేరారు, నాతో.

మొత్తం విశ్రాంతులు లెక్కపెట్టాను. లెక్కల టీచరును కదా. తొమ్మిది రోజుల్లో నాలుగు. ఇంత విశ్రాంతి మా ఇంట్లో నాకు ఏడాది పొడవునా దొరకదు అనుకునేలోపే కింద ఇంకో మెసేజ్. 'విల్లాలో వంటగది చాలా బాగుంది అక్కా. అమ్మ బయటి తిండి తినదు కదా. చిన్న రైస్ కుక్కర్, చింతపండు, పప్పు, కారం నువ్వు సర్దుకో. మాగాయ మర్చిపోకు, మా మామగారికి ఇష్టం.'

ఇదీ విశ్రాంతి. హిందూ మహాసముద్రం ఒడ్డున పప్పుచారు.

అందరూ వెళ్లే చోటు ఒకటుంది, ఉలువాటు గుడి. సాయంత్రం సముద్రం మీద సూర్యాస్తమయం, ఆ తర్వాత కెచక్ నృత్యం. బాగుంటుందట, కాదనను. కానీ అక్కడి కోతులకు ఒక విద్య ఉంది. కళ్లజోళ్లు లాక్కుని, తినడానికేమైనా ఇస్తేగానీ తిరిగివ్వవు. నాన్నకు రెండు కళ్లకూ ఆపరేషన్ అయింది, ఒక మోకాలికి కీలు మార్చారు, జోడు లేకపోతే మెట్టు కనపడదు. ఈ మాట గ్రూపులో రాశాను. తమ్ముడు బొటనవేలు పైకెత్తిన బొమ్మ పెట్టాడు. నాన్న కళ్లజోడు పోవడం అంత శుభవార్తా?

అసలు డిసెంబరు ఎందుకు అని మొదటి రోజునుంచీ అడుగుతున్నాను. బాలి భూమధ్యరేఖకు ఎనిమిది డిగ్రీల దక్షిణాన ఉంది. మనలా చలికాలం, ఎండాకాలం అక్కడ లేవు. ఉన్నవి రెండే, వాన కాలం, వాన లేని కాలం. నవంబరు నుంచి మార్చి దాకా వానలు, అందులోనూ డిసెంబరు, జనవరుల్లో ఎక్కువ. పైగా క్రిస్మస్, కొత్త సంవత్సరం అని ధరలన్నీ పెంచేస్తారు. ఎక్కువ డబ్బిచ్చి తడిసి రావడమన్నమాట. జూన్ మొదటి వారం పెట్టుకుంటే అక్కడ పొడి వాతావరణం, పాపకు పరీక్షలైపోయి ఉంటాయి, మా ఆయనా వస్తాడు. చెప్పాను. 'జూన్‌లో మేము ఫ్రెండ్స్‌తో వేరే చోటికి వెళ్తున్నాం అక్కా.' ఇంకేం మాట్లాడతాం.

డిసెంబరంటే ధనుర్మాసం కూడా. అమ్మ తెల్లవారుజామున నాలుగింటికి లేచి, చన్నీళ్ల స్నానం చేసి, వాకిట్లో ముగ్గు పెట్టి, తిరుప్పావై చదువుకునే నెల. నలభై ఏళ్లుగా ఒక్కరోజు తప్పలేదు. 'అక్కడ వాకిలి ఉంటుందా?' అని నన్ను అడిగింది. ఉంటుందమ్మా, దాన్నిండా ఈతకొలను ఉంటుంది అని చెప్పలేక ఊరుకున్నాను. నిజానికి అమ్మకు ఆ ఊరు నచ్చుతుంది. అక్కడి వాళ్లు పొద్దున్నే కొబ్బరాకుతో చిన్న బుట్ట అల్లి, పూలు పెట్టి, ఊదుబత్తి వెలిగించి గడప ముందు పెడతారు. ఆ వీడియో చూపిస్తే అమ్మ ఫోను చేతిలోకి తీసుకుని మళ్లీ మళ్లీ చూసింది. గలుంగాన్ పండుగకు వీధి పొడవునా పాతే వంపు తిరిగిన వెదురు గెడల ఫొటో చూసి 'మా సిరిమానులా ఉన్నాయే' అంది. అమ్మ పుట్టిల్లు విజయనగరం, ఎక్కడ పొడుగైన కర్ర కనిపించినా పైడితల్లమ్మ గుర్తొస్తుంది. ఆ వెదురు గెడలు కార్యక్రమ పట్టికలో లేవు. ఆ పండుగ వాళ్ల పంచాంగం ప్రకారం 210 రోజులకోసారి వస్తుంది. మనవాడు చూసుకున్నది ఆఫీసు సెలవులే.

వానల సంగతి నొక్కి అడిగేసరికి చరిత్ర తీశాడు. తెరచాప ఓడ బొమ్మ ఒకటి పెట్టి, 'మన కళింగ పూర్వీకులు వెళ్లిన దారిలో మనమూ వెళ్తున్నాం' అని రాశాడు. ఒకప్పటి కళింగ రాజధాని ముఖలింగం ఎక్కడుందో మ్యాపులో చూసుకుంటే తప్ప చెప్పలేడు, కళింగపట్నం లైట్‌హౌస్ దగ్గర ఐస్‌క్రీం తిన్నాడు తప్ప ఆ రేవు సంగతి ఎప్పుడూ అడగలేదు, ఇప్పుడు పూర్వీకులు! బాబూ, ఆ పూర్వీకులు గాలివాటం చూసుకుని బయల్దేరేవారు. అందుకే కటక్‌లో ఇప్పటికీ కార్తీక పౌర్ణమికి బాలియాత్ర జరుపుకుంటారు, వానలు వెళ్లిపోయి ఈశాన్యపు గాలి మొదలయ్యాక ఓడలు కదిలేవి కాబట్టి. నువ్వు టికెట్ల ఆఫర్ చూసుకుని బయల్దేరుతున్నావు. ఇంకో అనుమానం కూడా ఉంది నాకు. ఆ ఓడలెక్కిన మగవాళ్లందరూ అమ్మానాన్నలను ఎవరో ఒక అక్కకు అప్పజెప్పే వెళ్లి ఉంటారు. ఆ అక్కలకు ఏ ఊళ్లోనూ యాత్ర చేయరు.

పాస్‌పోర్టుల సంగతి చెప్పనే లేదు. అమ్మానాన్నలకు అప్పటిదాకా పాస్‌పోర్టే లేదు. ఆధార్‌లో అమ్మ ఇంటిపేరు ఒకలా, బ్యాంకు పుస్తకంలో ఇంకోలా. అది సరిచేయించడానికే నెల పట్టింది. తర్వాత తెల్లవారకముందే రైలెక్కించి, దాదాపు 200 కిలోమీటర్లు, విశాఖ తీసుకెళ్లాను. అక్కడ అమ్మ వేళ్లు యంత్రం మీద పెడితే ముద్ర పడలేదు. మళ్లీ పెట్టమన్నారు. పడలేదు. అమ్మ కొంగుతో వేళ్లు తుడుచుకుని, అద్దం కూడా తుడిచి, గట్టిగా నొక్కింది. ఊహూ. కౌంటరులో అమ్మాయి మంచిదే, 'ఏం పని చేసేవారమ్మా?' అని అడిగింది. అమ్మ చెప్పలేదు, నేను చెప్పాను. ఇరవై ఏళ్లు జీడిగింజలు కొట్టింది. ఆ పెంకులో ఉండే నూనె చర్మాన్ని కాల్చేస్తుంది. బూడిద రాసుకున్నా, ఆముదం రాసుకున్నా, వేలి చివర్లు నల్లబడి పొరలు పొరలుగా ఊడిపోతాయి. అలా ఊడిన వేళ్లతో కట్టిన ఫీజులతోనే మావాడు ఇంజనీరింగ్ చదివాడు. ఆరోసారికి ఎలాగో పడింది. అమ్మ అపరాధిలా నవ్వింది, నాకు ఆ నవ్వు ఇప్పటికీ కళ్లముందే ఉంది.

ఆ సాయంత్రం గ్రూపులో 'పని అయిపోయింది' అని రాస్తే తమ్ముడి జవాబు: 'సూపర్ అక్కా! ఫీజు ఎంతైందో షీట్‌లో వేసెయ్.' పాస్‌పోర్టు ఫీజు 1,500, అరవై దాటినవాళ్లకు పది శాతం తగ్గింపు, మనిషికి 1,350 చొప్పున 2,700. వేశాను. రైలు ఛార్జీలు వేశాను. నేను పోగొట్టుకున్న రోజు జీతం ఏ గడిలో వేయాలో తెలియక వేయలేదు.

డబ్బు సంగతి వచ్చింది కాబట్టి ఇదొకటి. బాలిలో దిగగానే వీసాకు మనిషికి 5 లక్షలు, ఆ దీవిలో పర్యాటకుల రుసుము ఇంకో లక్షన్నర. ఇది చదివి వినిపిస్తే నాన్న మంచం మీంచి లేచి కూర్చున్నారు. 'తొమ్మిది మందికి 58 లక్షల 50 వేలా! తోట అమ్మినా రాదు కదమ్మా' అన్నారు. అవి వాళ్ల రూపాయలు నాన్నా, వీసా మన డబ్బులో మూడు వేల లోపే అని చెప్పేసరికి పడుకున్నారు. ఇవాళంతటిలో నేను నవ్వింది అప్పుడే.

'ఖర్చంతా నేనే పెడుతున్నాను, ఇంకేం కావాలి?' ఇది తమ్ముడి అసలు మాట, సాయంత్రం ఫోనులో అన్నది. అది విన్నాకే నాకు తిత్లీ తుపాను గుర్తొచ్చింది. మా వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు. 2018 అక్టోబరు 11, తెల్లవారుజాము. ఆ గాలికి తోటలతో నిండిన మా ఉద్దానం ప్రాంతమంతా పడుకుంది. నేను ఆ రాత్రి అమ్మానాన్నల దగ్గరే ఉన్నాను. తలుపు గడియ ఊడిపోతే నేనూ నాన్నా వీపులు ఆనించి కూర్చున్నాం, తెల్లవారేదాకా. తెల్లారాక నాన్న తోటలోకి వెళ్లి పడిపోయిన జీడిచెట్లను ఒక్కొక్కటీ వేలితో చూపిస్తూ లెక్కపెట్టారు. కాసేపటికి లెక్క ఆపేసి, నిలబడి ఉన్న చెట్లను లెక్కపెట్టడం మొదలుపెట్టారు. అది త్వరగా అయిపోయింది.

రోజుల తరబడి కరెంటు లేదు. జనరేటరు ఉన్న దుకాణం దగ్గర డబ్బిచ్చి ఫోను ఛార్జింగ్ పెట్టించుకుంటే మొదట వచ్చిన మెసేజ్ తమ్ముడిది. 'అందరూ క్షేమమేనా? తోట ఫొటోలు పంపు.' పాపం, మనసు ఆగక చూడాలనుకుంటున్నాడేమో అనుకుని, ఉన్న కాస్త ఛార్జింగ్‌తో ఏడు ఫొటోలు పంపాను. వారం తర్వాత చూస్తే అవి వాడి పేజీలో ఉన్నాయి. 'నా తోట, నా బాల్యం, నా ఊరు' అని పైన పెద్ద వ్యాసం. నాన్న వీపు ఉన్న ఫొటో కూడా. కింద నాలుగు వందల మంది ఓదార్పు, వాడికి. నష్టపరిహారం జాబితాలో పేరు పడిందో లేదో చూడటానికి ఎండలో వరుసలో నిలబడ్డది ఎవరో ఆ వ్యాసంలో లేదు. అప్పుడూ నేను పేరు లేని మనిషినే. ఇవాళ కొత్తగా ఏమీ జరగలేదు, ఒక మంచం ఇచ్చారు, అంతే.

ఇంత రాశాక కూడా ఒక విషయం గుచ్చుతోంది. ఈ ప్రయాణం గురించి నాన్న అడిగింది ఒక్కటే. 'ఆ దేశంలో జీడి పండుతుందా?' వెతికి చూశాను. బాలిలోనే తూర్పు వైపు కరంగాసెం అనే చోట పండుతుంది, ఎండు కొండవాలు మీద జీడితోటలున్నాయి. ఆ మాట చెబితే నాన్న ముఖం వెలిగింది. 'మన రకమేనా? పిక్క ఎంతుంటుందో?' అని రెండు రోజులు అదే ధ్యాస. గ్రూపులో పెట్టాను, ఒక పూట నాన్నను అటు తీసుకెళ్దాం అని. ఎనిమిది రోజులైంది. అందరూ చూశారు, ఒక్కరూ పలకలేదు. ఆ మెసేజ్ కిందే మరదలు ఈత దుస్తుల రంగుల గురించి అడిగింది, దానికి మాత్రం ఇరవై మూడు జవాబులు.

ఇందాకే మళ్లీ మోగింది. 'అక్కా, నీ పాస్‌పోర్టు ఫొటో ఒక్కటే రాలేదు, రేపటిలోగా టికెట్ వేసేయాలి, త్వరగా పంపు.' ఫోనులో ఛార్జింగ్ లేదని పెట్టాను.