అంగారక వాస్తవ్యులైన షెర్గోటి ఉల్క గారికి

మహారాజశ్రీ షెర్గోటి ఉల్క గారి సముఖానికి, మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరొంచ నుంచి నివాస ధ్రువపత్రం దొరకని అభాగ్యుడు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

తమరు 1865 ఆగస్టు 25న బీహారులోని షెర్గోటిలో దిగారు. ఒళ్లు సుమారు 5 కిలోలు, చేతిలో కాగితం లేదు. అయినా తమరి స్వస్థలం అంగారకుడని శాస్త్రవేత్తలు తడుముకోకుండా చెబుతారు. ఈ పని ఎవరి చేత చేయించుకున్నారో చెబితే నేనూ వారినే ఆశ్రయిస్తాను.

తమరి ఒంట్లో ఏముందో చదివాను. దాదాపు 70 శాతం పైరాక్సీన్లనే లావా ఖనిజాలే: పిజియనైట్, ఆగైట్. ఒక్కో స్ఫటికపు పలుకు నడుమ మెగ్నీషియం ఎక్కువ, అంచుకు వచ్చేసరికి ఇనుము. మిగిలినదాంట్లో పెద్ద వాటా మాస్కెలినైట్‌ది. అది ఒకప్పుడు ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం. అంతరిక్షం నుంచి తగిలిన దెబ్బకు లోపలి అమరికంతా చెదిరి, పలుకు ఆకారం మాత్రం అలాగే నిలిచి గాజైపోయింది. 1872లో చెర్మాక్ అనే ఖనిజ శాస్త్రవేత్త దాన్ని తొలిసారి గుర్తించింది తమరిలోనే. (మా ఇంట్లో పాత రేషన్ కార్డు ఒకటుంది. అదీ అంతే, ఆకారం ఉంది, అక్షరాలు లేవు. దానికి మాత్రం ఎవరూ పేరు పెట్టలేదు.)

తమరు అంగారకుడి వారేమోనని మొదట అనుమానం రేపింది తమరి వయసట. ఉల్కలు చాలావరకు 450 కోట్ల ఏళ్ల ముసలివి. తమరు లావా గడ్డకట్టి 20 కోట్ల ఏళ్లు కూడా కాలేదు. చిన్న గ్రహశకలాలు ఎప్పుడో చల్లారిపోయాయి కనుక, అంత ఆలస్యంగా లావా కక్కాలంటే గ్రహమంత ఒళ్లుండాలి. బాగుంది. కానీ అసలు రుజువు దొరికింది తమరి దగ్గర కాదు! అంటార్కిటికా మంచులో దొరికిన తమరి దాయాది రాయిలో, గాజులో చిక్కుకున్న వాయువులు 1976లో వైకింగ్ అంతరిక్ష నౌకలు అంగారకుడి మీద కొలిచిన గాలితో సరిపోయాయి. ఆక్సిజన్ ఐసోటోపుల (బరువులో తేడా ఉన్న ఆక్సిజన్ పరమాణువుల) లెక్కలో మీ ఇద్దరిదీ ఒకే వంశం. పని అయిపోయింది.

నేనూ మా పెదనాన్న కొడుకు పత్రం పట్టుకెళ్లాను. కిటికీ అవతలి గుమస్తా ఇంటిపేరు మీద వేలు పెట్టి, "ఇక్కడ దీర్ఘం ఉంది, నీకు లేదు" అన్నాడు. ఎప్పుడో మరాఠీలోకి ఎక్కించినవాడు దయచేసిన దీర్ఘం అది. పైగా, "తెలుగువాళ్లు కదా, ఇక్కడికి ఎప్పుడొచ్చారు?"

ఎక్కడి నుంచి వస్తాం? మా ఊరు 1860 దాకా నిజాముది. తరువాత ఇంగ్లీషువారిది. 1956లో బొంబాయి రాష్ట్రం, 1960లో మహారాష్ట్ర, 1982 ఆగస్టు 26న గడ్చిరోలి జిల్లా. ఇన్ని చిరునామాలు మారినా మా తాత ప్రాణహిత ఒడ్డున మిరప చేను దాటలేదు.

కనుక మనవి. మా పెరటి బావిలోని గాలిని ఒక సీసాలో పట్టి, బిరడా బిగించి పంపుతున్నాను. పెదనాన్న ఇంటి గాలి కూడా విడిగా కట్టాను. రెండూ ఒకటేనని కొలిచి ముద్ర వేసేవారెవరైనా తమరికి తెలిసి ఉంటారు.

ఇట్లు,
దీర్ఘం లేనివాడు,
సిరొంచ