ఒక్క రోజు ఆడుకుంటే ప్రాక్టీసు పోదు

హన్మకొండ, ములుగు వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఫొటో తిరుగుతోంది. లక్నవరం చెరువు వేలాడే వంతెన మీద కబడ్డీ జెర్సీల్లో నవ్వుతున్న బడి అమ్మాయిలు. కింద ఇలా రాశారు: "పోటీలు పది రోజుల్లో పెట్టుకుని షికార్లా? ఒక్క రోజు ప్రాక్టీసు మానితే వారం వెనకబడతారు. మా కాలంలో సెలవే లేదు. విశ్రాంతి కావాలంటే ఇంట్లో పడుకోవచ్చుగా." అమ్మాయిలకు కబడ్డీ నేర్పే మనిషిగా దీనికి జవాబు చెప్పాలనిపించింది.

వారం వెనకబడతారన్నది తప్పు. గట్టిగా ఆడినప్పుడు కండరాల్లో సన్నని చీలికలు వస్తాయి. ఆ నొప్పి మరునాటి నుంచి రెండు మూడు రోజులు ఉంటుంది. కండరాల్లో దాచుకున్న గ్లైకోజెన్ అనే శక్తి నిల్వ ఖర్చయిపోతే, కడుపునిండా తిన్నా మళ్లీ నిండడానికి దాదాపు ఒక రోజు కావాలి. శరీరం ఇదంతా సరిచేసుకునే గంటల్లోనే బలం పెరుగుతుంది. సాధన పూర్తిగా ఆపేసినా దమ్ము తగ్గినట్టు తెలియడానికి వారం పది రోజులు పడుతుంది, కండబలం అంతకన్నా ఎక్కువే నిలుస్తుంది. విశ్రాంతి లేకుండా రుద్దితే మాత్రం ఎదిగే వయసు పిల్లలకు మోకాలి కింద నొప్పులు, కాలి ఎముకలో సన్నని పగుళ్లు వస్తాయి. అప్పుడు పోయేది ఒక్క రోజు కాదు, సీజనంతా.

ఇక "మా కాలం" సంగతి. అప్పట్లో చెడుగుడు పంటలు ఇంటికొచ్చాక, పండగలకు మట్టిలో ఆడేవాళ్లు. ఇప్పుడు బడి జట్లు నెలల తరబడి పొద్దునా సాయంత్రం సాధన చేస్తున్నాయి. రెంటికీ పోలికే లేదు.

నన్ను ఎక్కువ బాధపెట్టింది "ఇంట్లో పడుకోవచ్చుగా" అన్న మాట. మన పల్లెల్లో ఆడపిల్ల ఆదివారం ఎట్లా గడుస్తుందో రాసినవారికి తెలియదనుకుంటా. నర్సంపేట, పరకాల దిక్కు దసరా దాటితే పత్తి, ఆ తర్వాత మిర్చి. బడి లేని రోజు పిల్ల తల్లితో చేనుకు పోయి పొద్దంతా నడుము వంచి ఏరుతుంది. ఇంటికొచ్చాక అంట్లు, నీళ్లు, తమ్ముడి బట్టలు. సోమవారం గ్రౌండుకు వచ్చేసరికి శనివారం కన్నా ఎక్కువ అలసిపోయి ఉంటుంది. తల్లిదండ్రులను తప్పుపట్టను, కూలీలకు ఇవ్వడానికి వాళ్ల దగ్గర పైసలెక్కడివి? అందుకే కోచ్ వాళ్లను ఊరు దాటించాలి. బస్సెక్కిన పిల్లకు ఎవరూ పని చెప్పలేరు. అబ్బాయిల జట్టు ఇట్లా పోయి వస్తే ఇలాంటి మెసేజ్ నేనెప్పుడూ చూడలేదు.

ఆటకూ లాభమే. చైన్‌లో ఇద్దరు చేయి చేయి పట్టుకుని కూతకొచ్చిన రైడర్ మీదికి వెళ్లాలి. ఒకరు అర క్షణం ముందు కదిలినా పట్టు జారుతుంది. పక్కపిల్ల ఎప్పుడు దూకుతుందో చూపుతోనే తెలియాలి. గ్రౌండులో తిట్లు తింటూ దూరంగా ఉండే సీనియర్, జూనియర్ కలిసి వండుకుని, అంత్యాక్షరి పాడుకుంటే ఆ చనువు త్వరగా వస్తుంది.

కొందరు నీళ్ల ప్రమాదం గురించి రాశారు. ఆ భయం న్యాయమైనదే. పిల్లలను చెరువులో ఈతకు దింపకూడదు, పడవెక్కితే అందరికీ లైఫ్ జాకెట్ ఉండాలి, వెంట ఒక టీచరమ్మ ఉండాలి. లేదంటే రామప్ప గుడి చూసి, చెట్ల కింద వండుకుని, చీకటి పడకముందే తిరిగి రావచ్చు. పోటీ రేపనగా పోతామంటే నేనూ వద్దంటాను. పది రోజుల ముందు మాత్రం పోనివ్వండి.