మధ్యాహ్నం పన్నెండింటి చక్రవర్తి గారికి

శ్రీయుత పవిత్ర రోమన్ చక్రవర్తి నాలుగో చార్లెస్ బొమ్మ గారికి,
ఫ్రావెన్‌కిర్షె చర్చి ముందరి గోడ, గడియారం కింద,
న్యూరెంబర్గ్ సంతబజారు, జర్మనీ.

నమస్కారాలు. మొన్న మా అమ్మను వెంటబెట్టుకుని మీ దర్శనానికి వచ్చాను. పావుతక్కువ పన్నెండుకే జనం మెడలు ఎత్తి, ఫోన్లు ఎత్తి నిలబడ్డారు. సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట కొట్టే గడ్డపాయన కోసం కూర్చునే మా జనమే గుర్తొచ్చారు. కాకపోతే అక్కడ బెంచీలుంటాయి.

గంట మోగింది. ఎర్ర దుస్తుల్లో ఏడుగురు ఎలెక్టర్లు, అంటే చక్రవర్తిని ఎన్నుకునే దొరల బొమ్మలు, ఒక తలుపులోంచి వచ్చి, మీ చుట్టూ మూడు ప్రదక్షిణలు చేసి, ఇంకో తలుపులో దూరారు. 1356లో బంగారు ముద్ర శాసనం రాయించి, చక్రవర్తిని ఎన్నుకునే హక్కు ఈ ఏడుగురిదేనని తేల్చారట కదా. ఏడంటే ఏడే ఓట్లు! మా ఊళ్లో వార్డు మెంబరుగా నిలబడ్డవాడు వింటే కుళ్లి ఏడుస్తాడు. బిర్యానీ పొట్లాల ఖర్చే ఎంత కలిసొచ్చేదో. మీరు పోయిన 131 ఏళ్లకు, 1509లో, ఆ ఘనత ఊరు మరిచిపోకుండా ఈ యంత్రం బిగించారు.

పన్నెండూ అయిదుకల్లా జనమంతా సాసేజీల కొట్టు ముందు. అదీ మీ పలుకుబడి.

మేం లోపలికెళ్లాం. అమ్మ గడప దగ్గరే చెప్పులు విడిచింది. ఎంత చెప్పినా వినలేదు. రాతినేల మంచుగడ్డలా ఉంది. 1945 జనవరి బాంబుల్లో గుల్లైపోయిన కట్టడాన్ని 1953 నాటికి మళ్లీ నిలబెట్టారని చెబుతుంటే అమ్మ వినడం లేదు, నేలకేసి చూస్తోంది.

"ఇక్కడెవర్రా ముగ్గేశారు?"

ముగ్గు కాదు సార్, ఆరు కోణాల నక్షత్రం. యూదులది. చర్చికి ముందు ఇక్కడ వాళ్ల ప్రార్థనా మందిరం ఉండేది, బయట సంత జరిగేచోట వాళ్ల ఇళ్లుండేవి. 1349 నవంబరులో, ఆ ఇళ్లు పడగొట్టి సంతకు జాగా చేసుకోవచ్చని, మందిరం ఉన్నచోట మేరీమాత గుడి కట్టుకోవచ్చని ఊరివాళ్లకు కాగితం రాసిచ్చింది తమరే. మూడు వారాలైనా తిరక్కుండా, డిసెంబరు 5న, 562 మందిని చంపేశారు. తమరు ఆ రోజు ఊళ్లో లేరు లెండి. సంతకం ఉంది, చాలదూ? మా దగ్గరా కబ్జా చేసినచోట ముందు గుడి లేస్తుంది, ఆ తర్వాత పడగొట్టే మగాడుండడు. ఆ కిటుకు మాదేననుకుని ఇన్నాళ్లూ గర్వపడ్డాను.

తమరి పత్రం సంగతి బొమ్మలాటలో లేదేం స్వామీ? శాసనానికి మూడు ప్రదక్షిణలు, దీనికి కాళ్ల కింద ఒక గుర్తా? మెడ ఎత్తినవాళ్లకు అది కనబడే దారేది?

విషయం విని అమ్మ గబుక్కున పక్కకు జరిగింది. వట్టికాళ్లతోనే ఆ నక్షత్రాన్ని తొక్కకుండా చుట్టూ నడిచి బయటికొచ్చింది. ఎదురుగా ఫౌంటెన్ కటకటాల్లో బంగారు రింగు తిప్పితే కోరిక తీరుతుందంటే "నాకేం కోరికలున్నాయిరా" అని మెట్ల మీద కూర్చుని పులిహోర డబ్బా మూత తీసింది.

రెండు ముద్దలు తిన్నాక మీ వైపు చూసి అడిగింది.

"రేపు కూడా తిరుగుతారా వీళ్లు?"

"రోజూ తిరుగుతారమ్మా."

"అయ్యో పాపం. ఆయన చుట్టేనా?"

ఇట్లు,
సాసేజీ తినకుండా వెళ్లిపోయిన సందర్శకుడు