విడి ఇల్లే, కాగితాల్లో మాత్రం కాండో

అమెరికాలో ఇళ్ల విలువ కట్టడంపై వచ్చిన వ్యాసంలో, ఇంటి కాగితాల్లో ‘కాండో (ఉమ్మడి ఆస్తిలో సొంత యూనిట్, ఎక్కువగా ఫ్లాట్) అని రాసి ఉంటే విలువ తగ్గినట్టే’ అని తేల్చేశారు. మిషిగన్‌కు ఇది కుదరదండీ. అక్కడ డెట్రాయిట్ శివార్లలోని నోవై, కాంటన్ వైపు మనవాళ్లు కొన్న విడి ఇళ్లలో సైట్ కాండోలూ (చూడటానికి విడి ఇళ్లే, చట్టం లెక్కలో కాండోలు) ఉన్నాయి. ప్లాట్ల విభజన అనుమతుల కంటే 1978 కాండోమినియం చట్టం దారి సులువని బిల్డర్లు దాన్ని ఎంచుకున్నారు, అంతే. ఇంటి విలువ కట్టే అప్రైజర్ మొదట మాస్టర్ డీడ్ (యూనిట్ ఎంతవరకో, ఉమ్మడి భాగాలేవో చెప్పే పత్రం) తెరవాలి. యూనిట్ అంటే స్థలంతో సహానా, ఇంటి వరకేనా? పెరడు సొంతమా, ఉమ్మడిదా? రూఫ్ పాడైతే ఖర్చు ఎవరిది? విలువలో తేడా వచ్చేది అక్కడే. పోలికకు అదే కాలనీలో అమ్ముడైన విడి ఇళ్లు ఉండగా, పక్క వీధి ఫ్లాట్ల రేట్లు పెట్టడం అన్యాయం. అలాంటి రిపోర్టు వస్తే ఊరుకోకండి. డీడ్‌లోని ఆ పేజీలు జతచేసి, విలువను మళ్లీ పరిశీలించమని లోన్ ఇచ్చే సంస్థను రాతపూర్వకంగా అడగండి.