పంచండి, కానీ పనికొచ్చేలా మాత్రం వద్దు

ప్రాథమిక తరగతుల టీచర్లలో ఈమధ్య ఒక ప్రమాదకరమైన ధోరణి కనిపిస్తోంది. తాము తయారు చేసిన వర్క్‌షీట్లను తోటి టీచర్లకు ఉచితంగా పంపుతున్నారు. అంతవరకు ఎవరికీ అభ్యంతరం లేదు. కానీ కొందరు అక్కడితో ఆగకుండా దాని కింద రెండు ముక్కలు రాస్తున్నారు: "నాలుగో లెక్క దగ్గర మా క్లాసులో సగం మంది ఆగిపోయారు. పదుల స్థానంలో సున్నా ఉంటే అప్పు ఎక్కడి నుంచి తేవాలో వాళ్లకు తెలియలేదు. ముందు పుల్లల కట్టలు విప్పి చూపించి, ఆ తర్వాతే ఈ షీట్ ఇవ్వండి."

ఇది చదివిన టీచర్ గతేం కావాలి? మర్నాడు నిజంగానే పుల్లల కట్టలు వెతుక్కోవాలి. ఒకరి అనుభవం ఇంకొకరికి ఇలా అక్కరకు రావడం మొదలైతే, ఇన్నాళ్లూ మనం పదిలంగా కాపాడుకుంటూ వచ్చిన సంప్రదాయం ఏమైపోవాలి? అందుకే నోరు విప్పక తప్పడం లేదు.

సంప్రదాయం తెలియని కొత్తవాళ్ల కోసం చెబుతున్నాను. ఫైల్ పంపేటప్పుడు అది ఏ తరగతికో, ఏ పాఠానికో చెప్పకూడదు. దాని పేరు "ఫైనల్ కొత్తది 2" లాంటిదై ఉండాలి. వందల పేజీలుంటే మరీ శ్రేష్ఠం. అందుకున్నవాళ్లు అది డౌన్‌లోడ్ కావడం పూర్తి కాకముందే "చాలా ఉపయోగపడింది మేడమ్, ధన్యవాదాలు" అని జవాబివ్వాలి. తర్వాత మరో నాలుగు గ్రూపులకు ఫార్వర్డ్ చేసి ఫోన్‌లో దాచుకోవాలి. తెరవడం మాత్రం మంచిది కాదు. తెరిచిన వర్క్‌షీట్‌లో తప్పులు కనిపిస్తాయి. తెరవని వర్క్‌షీట్‌లో ఇంతవరకు ఎవరికీ ఒక్క తప్పు కూడా దొరకలేదు.

ఉచిత బోధన సామగ్రి అన్నది పెద్దల ఆశీస్సులున్న వ్యవహారమే. 2002లో యునెస్కో జరిపిన సదస్సులో దీనికి ఓపెన్ ఎడ్యుకేషనల్ రిసోర్సెస్ అని నామకరణం చేశారు. 2019లో యునెస్కో సర్వసభ్య సమావేశం దీనిపై సభ్యదేశాలకు ఒక సిఫారసు కూడా చేసింది. ఇలాంటి సామగ్రితో అయిదు పనులు చేసుకునే స్వేచ్ఛ ఎవరికైనా ఉండాలని డేవిడ్ వైలీ అనే విద్యావేత్త లెక్క తేల్చాడు. దాచుకోవడం, వాడుకోవడం, మార్చుకోవడం, వేరేవాటితో కలుపుకోవడం, పంచిపెట్టడం. మనవాళ్లు ఈ అయిదింటిలో మొదటిదాన్నీ చివరిదాన్నీ నూటికి నూరుపాళ్లు అమలు చేస్తున్నారు. మధ్యలో ఉన్న మూడింటి విషయంలో వాళ్లు చూపుతున్న నిగ్రహానికి చేతులెత్తి మొక్కాలి.

ఆ మూడింటి మీదికి ఎవరికీ మనసు పోకుండా ముందుజాగ్రత్తలు కూడా ఉన్నాయి. టైప్ చేసిన ఫైల్‌ను ఉన్నదున్నట్టు పంపకుండా ప్రింట్ తీసి, ఆ ప్రింట్‌ను ఫోటో తీసి, ఆ ఫోటోను పీడీఎఫ్ చేసి పంపాలి. నాలుగు చేతులు మారేసరికి 3కీ 8కీ తేడా పోతుంది. కాగితం కొలతలు కూడా తమ వంతు సాయం చేస్తాయి. ఏ4 కాగితం పొడవు 297 మిల్లీమీటర్లు, అమెరికా వాళ్ల లెటర్ కాగితం పొడవు 279. ఏ4కని తయారు చేసింది సైజు సర్దకుండా లెటర్ మీద ప్రింటిస్తే కింది ప్రశ్న తెగిపోతుంది. మామూలుగా కాస్త బుర్ర పెట్టాల్సిన ప్రశ్న ఉండేది అక్కడే కాబట్టి, పిల్లలకు ఆ శ్రమా తప్పుతుంది. ఇంత చేశాక కూడా "మార్చుకోవడానికి వీలుగా వర్డ్ ఫైల్ ఉంటే పెడతారా?" అని అడిగేవాళ్లుంటారు. వాళ్లతో జాగ్రత్త. వాళ్లకు ఆ షీట్‌ను వాడే ఉద్దేశం ఉంది.

ఇక లైసెన్సుల గొడవ. 2002 డిసెంబర్‌లో క్రియేటివ్ కామన్స్ సంస్థ మొదటి విడత లైసెన్సులు విడుదల చేసింది. వాటిలో బాగా ఉదారమైన రకం అడిగేది ఒక్కటే: ఏమైనా చేసుకోండి, తయారు చేసినవాళ్ల పేరు మాత్రం చెప్పండి. ఈ చిన్న కోరిక తీర్చడం కన్నా పేజీ అడుగున ఉన్న పేరును కత్తిరించి, మన బడి ముద్రను లెక్కల మీదుగా ఏటవాలుగా పరచడమే తేలికని అనుభవజ్ఞులు కనిపెట్టారు. ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు. ఉచితంగా ఇచ్చినామెకు మళ్లీ పేరెందుకు? పేరు కావాలనుకుంటే డబ్బే అడిగి ఉండేది కదా.

అసలు ముప్పు ఫైల్ లేకుండా పంచుకునేవాళ్లతో. కొత్తగా చేరిన ఒక టీచర్ "మా పిల్లలు నాలుగో వంతు కన్నా ఎనిమిదో వంతే పెద్దదంటున్నారు, ఏం చేయాలి?" అని అడిగిందనుకుందాం. పద్ధతి ప్రకారం అయితే ఆమెకు రంగురంగుల గుండ్రాలున్న పీడీఎఫ్‌లు ఓ డజను వచ్చిపడాలి, ప్రశ్న వాటి కింద మర్యాదగా కప్పబడిపోవాలి. కానీ ఎక్కడో ఒక సీనియర్ ఉంటుంది. ఆమె ఇలా రాస్తుంది: "ఎనిమిది నాలుగు కన్నా పెద్దదని మనమే కదమ్మా నేర్పాం, వాళ్లు దాన్నే ఇక్కడా వాడుతున్నారు. తలా ఒక కాగితం ఇచ్చి సగానికి మడవమను. మళ్లీ మడవమను, మళ్లీ. విప్పి గీతలు చూస్తే ముక్కలు ఎనిమిది, ముక్క మాత్రం చిన్నది. కాగితాలన్నీ ఒకే సైజువి ఇయ్యి. లేకపోతే పెద్ద కాగితంలో ఎనిమిదో వంతు చిన్న కాగితంలో నాలుగో వంతును మించిపోయి మొదటికే మోసం వస్తుంది."

ఇందులో డౌన్‌లోడ్ చేసుకోవడానికి ఏముంది? లామినేషన్ చేయించడానికి ఏముంది? గోడకు అతికించి, పిల్లలు రాకముందే ఫోటో తీసుకోవడానికైనా ఏమైనా ఉందా? పైగా ఆ చివరి వాక్యం చూడండి. ఒకసారి క్లాసులో దెబ్బతిన్న మనిషి తప్ప వేరెవరూ ఆ మాట రాయలేరు. అలాంటి రహస్యాలు స్టాఫ్ రూమ్ గడప దాటితే, ప్రతి కొత్త టీచరూ ఎవరి దెబ్బలు వాళ్లే తిని నేర్చుకోవాలనే పవిత్ర నియమానికి విలువేముంటుంది? అదృష్టవశాత్తూ ఈ సమాధానానికి ఒక్క లైక్ కూడా రాదు. దాని కిందే వచ్చిన "శుభోదయం" బొమ్మకు ముప్పై వస్తాయి.

టెక్నాలజీ విషయంలో మన ప్రమాణాలు ఇంకా ఉన్నతమైనవి. ఒక లింకు, దాని పక్కన "మా పిల్లలు ఎంతో ఎంజాయ్ చేశారు" అన్న వాక్యం, అంతే. 2014లో వచ్చిన స్క్రాచ్ జూనియర్ అనే యాప్‌లో బొమ్మల దిమ్మెలను జరుపుతూ అయిదు నుంచి ఏడేళ్ల పిల్లలు, ఇంకా చదవడం రానివాళ్లు కూడా, చిన్న చిన్న కథలు నడిపించవచ్చు. బావుంది. అయితే ఒక్కో టాబ్లెట్ ముందు నలుగురేసి కూర్చుంటే వేలు పెట్టేది ఒకడేనని, మిగతా ముగ్గురూ వాడి మీద ఫిర్యాదులు చేసే పనిలో ఉంటారని ఎవరూ చెప్పకూడదు. సైన్సు, లెక్కల ప్రయోగాలను తెర మీదే చేసి చూసుకునే ఫెట్ సిమ్యులేషన్లు నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టినవని ఘనంగా చెప్పుకోవచ్చు. వాటిలో చాలావాటిని ముందే డౌన్‌లోడ్ చేసుకుంటే క్లాసులో నెట్ లేకపోయినా నడుస్తాయన్న సంగతి మాత్రం దాచాలి. లేకపోతే "నెట్ రాలేదు" అన్న మాట ఎవరు నమ్ముతారు?

ప్లికర్స్ అని ఇంకొకటుంది, అది మరీ దుర్మార్గం. పిల్లలకు ఏ పరికరమూ అక్కర్లేదు. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో రకం గుర్తున్న కాగితం కార్డు ఉంటుంది. నాలుగు వైపుల్లో ఏ వైపు పైకి తిప్పి పట్టుకుంటే అది వాళ్ల జవాబు. టీచర్ తన ఫోన్ కెమెరాను క్లాసు మీదుగా తిప్పితే ఎవరేం చెప్పారో తెలిసిపోతుంది. కార్డు మీద అక్షరాలు మరీ చిన్నవి, పక్కవాడికి కనిపించవు. అంటే ఎప్పుడూ చెయ్యెత్తే ఆ ముగ్గురి సంగతే కాక, వెనక వరసలో తల దించుకుని కూర్చునేవాళ్లకు పాఠం అర్థం కాలేదని కూడా అప్పటికప్పుడే బయటపడుతుంది. ఇది తెలిశాక ఏ టీచరూ ముందుకు వెళ్లలేరు, సిలబస్ పూర్తి కాదు. సిలబస్‌కు ఇంత హాని చేసే వస్తువును ఉచితంగా పంచుకోవడం సమంజసమేనా?

ఆశ లేకపోలేదు. ఇప్పుడు కృత్రిమ మేధ వచ్చింది. ఎవరి దగ్గరా అడగక్కర్లేదు, ఎవరి పేరూ కత్తిరించక్కర్లేదు, అడిగిన నిమిషంలో వర్క్‌షీట్ సిద్ధం. గడియారం బొమ్మ గీయమంటే చాలా బొమ్మల యంత్రాలకు పదీ పది నిమిషాల మీద విపరీతమైన మక్కువ. అవి చూసి నేర్చుకున్న ప్రకటనల ఫోటోల్లో గడియారాలన్నీ ఆ వేళే చూపిస్తాయి మరి. కాబట్టి "టైమ్ ఎంతయింది?" అని పది గడియారాలతో షీట్ చేయమంటే పదింటిలోనూ పదీ పదే ఉండవచ్చు. మొదటి జవాబు ఒక్కటి తెలిస్తే చాలు, పిల్లలందరికీ పదికి పది. ఇంతటి ఫలితం తెచ్చిన షీట్‌ను మన దగ్గరే ఉంచుకోవడం స్వార్థం అనిపించుకుంటుంది. "మా క్లాసులో వంద శాతం" అని రాసి అన్ని గ్రూపులకూ పంపేయడమే.