బెల్ కర్వ్ గారికి, మా ఏడుగురి తరఫున

మహారాజశ్రీ బెల్ కర్వ్ గారి దివ్యసముఖానికి,

ఒక టీం లీడ్ నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం అని రాయాలనే ఉంది. కానీ నడుమ ఉబ్బి రెండు కొసలా సన్నబడే గంట ఆకారపు గీత తమరు, ఏటా మా రేటింగులు ఆ గీతలో ఒదగాలంటారు; పదిమందిలో ఒకరు క్షేమంగా ఉండకూడదన్నది తమరి రూలు కదా, అందుకని 'అంతా' అన్న మాట కొట్టేశాను.

మార్చి వచ్చింది. బజార్లోకి ముంజలొచ్చినట్టు హైటెక్ సిటీలోకి ఏడాది పనికి రేటింగ్ ఇచ్చే అప్రైజల్ ఫారాలు వచ్చేశాయి. మొన్నటిదాకా కెఫెటేరియాలో ఒకే బల్ల దగ్గర టీ తాగినవాళ్ళు ఇప్పుడు వేర్వేరు టైముల్లో తాగుతున్నారు. పదకొండు నెలలు లిఫ్టులో ఫోన్ చూసుకుంటూ నిలబడ్డవాళ్ళు మేనేజర్ గారి పిల్లలు పరీక్షలు ఎలా రాశారో కనుక్కుంటున్నారు. తమరు వేంచేస్తున్నారని మాకు అలాగే తెలుస్తుంది.

తమరిది చిన్న వంశమేం కాదు. 1733లో డి మ్వావ్ర్ అనే పెద్దమనిషి బొమ్మా బొరుసు లెక్కలు కడుతుంటే కాగితం మీదికొచ్చారు. 1809లో గాస్ అనే జర్మన్ లెక్కల పండితుడు మిమ్మల్ని గ్రహాల కొలతల్లో దొర్లే తప్పులు పట్టడానికి వాడుకున్నాడు. యూరో రాకముందు జర్మనీ వాళ్ళ పది మార్కుల నోటు మీద గాస్ బొమ్మ పక్కన తమరి బొమ్మ కూడా ఉండేది. నోటు మీదికెక్కినవారు మా జీతాల జోలికి రాకుండా ఉంటారా!

నాణేల మీదా నక్షత్రాల మీదా బతుకుతున్న మిమ్మల్ని ఉద్యోగుల మీదికి తోలినవాళ్ళలో మొదట చెప్పుకోవాల్సింది అమెరికాలోని జీఈ (జనరల్ ఎలక్ట్రిక్) కంపెనీని 1981 నుంచి 2001 దాకా నడిపిన జాక్ వెల్చ్‌ని. పైన 20 శాతం, నడుమ 70, అడుగున 10. ఆ అడుగు పది శాతం ఇంటికి. చూసినవాళ్ళంతా ఇదేదో బాగుందని తలా కాస్త పట్టుకెళ్ళారు. మైక్రోసాఫ్ట్ 2013 నవంబరులో ఆ ర్యాంకుల పద్ధతికి దండం పెట్టేసింది. ఆ వార్త గచ్చిబౌలి దాకా వచ్చి మా ఆఫీసు గేటు దగ్గర ఐడీ కార్డు లేక ఆగిపోయినట్టుంది. మా పాలసీలో తమరి పేరు కనబడదు లెండి, 'నార్మలైజేషన్' అని ఉంటుంది. బాకీలున్నవాడు ఊరు మారి పేరు మార్చుకున్నట్టు.

మాది ఏడుగురి టీం. ఏడుగురిలో 20 శాతం అంటే 1.4 మనిషి. మనిషిని 1.4 చేయలేం గనక 1 చేశారు. అడుగు 10 శాతం అంటే 0.7 మనిషి. దాన్నీ 1 చేశారు. పైనవాడికి 0.4 కోత, కిందవాడికి 0.3 చేర్పు. లెక్కల మాస్టారు కూడా తప్పు పట్టలేడు. వేలమందిని కొలిస్తే తప్ప రూపం రాని తమరు, ఒక ఆటోలో పట్టే ఏడుగురి మధ్య ఇరుక్కుని ఎలా కూర్చుంటున్నారో నాకు అర్థం కాదు.

ఇంకో సంగతి. ఈ ఏడుగురినీ ఒక్కొక్కరిని నాలుగేసి రౌండ్లు ఇంటర్వ్యూ చేసి, వందల రెజ్యూమెలు పక్కన పడేసి ఏరుకున్నది మేమే. మూణ్ణెల్లు ట్రైనింగ్ ఇచ్చిందీ మేమే. మొదటిరోజు ఆడిటోరియంలో 'మీరంతా వజ్రాలు' అన్నారు పైవాళ్ళు. ఏడాది తిరిగేసరికి ఆ వజ్రాల్లోనే ఒక గాజుపెంకు కావాల్సి వచ్చింది.

రెండేళ్ళ కిందటి మీటింగ్ తమరికి గుర్తుందో లేదో. స్క్రీన్ మీద ఎక్సెల్ షీటు, బల్ల మీద ఉస్మానియా బిస్కెట్లు. మా దగ్గర 1 అంటే గొప్ప, 4 అంటే హైక్ లేదు. నా టీం వరస చివర ఒక గడి ఎర్రగా మెరుస్తోంది. 'మీది ఫిట్ అవ్వట్లేదండీ' అన్నారు హెచ్ఆర్ మేడమ్, దర్జీ కొలతలు చెప్పినంత మామూలుగా. అరగంట వాదించాను. ఆ తర్వాత ఒక 3ను 4 చేశాను. గడి పచ్చగా మారింది. బిస్కెట్ల ప్లేటు నా వైపు జరిపారు. తిన్నాను కూడా.

మర్నాడు ఆ 4 ఉన్న అమ్మాయిని గది లోపలికి పిలిచాను. ఏడుపూ లేదు, గొడవా లేదు. నోట్‌బుక్ తెరిచి, పెన్ను క్యాప్ తీసి, 'నేనెక్కడ తక్కువ చేశానో చెప్పన్నా, రాసుకుంటా' అంది. ఏం చెప్పను? 'విజిబిలిటీ పెంచుకోవాలి' అన్నాను. రాసుకుంది. రాత్రి రెండింటికి సర్వర్ పడిపోతే లేపేది ఆ అమ్మాయే. ఆ వేళప్పుడు ఎవరికి విజిబుల్ అవ్వాలో ఆమే అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఆ తర్వాత మేం తెలివి మీరాం. ఇప్పుడు మా టీంలో తమరి సేవ చీటీ పద్ధతిలో జరుగుతోంది. ఏటా ఒకరు 4 ఎత్తుకుంటారు. పెళ్ళి కుదిరినవాడికీ, ఇంటి లోన్‌కి అప్లై చేసినవాడికీ ఆ ఏడు మినహాయింపు. పనికీ రేటింగ్‌కీ సంబంధం లేకపోవడం వల్ల అందరూ ప్రశాంతంగా పనిచేసుకుంటున్నారు. ఉద్యోగుల్లో ఉత్సాహం నింపడానికి తమరు ఉద్దేశించిన మార్గం ఇదే అయితే, బాగా పనిచేస్తోందని మనవి.

చిన్న నష్టం మాత్రం ఉంది. మునుపు ఎవరికి ఏ చిట్కా దొరికినా షేర్డ్ ఫోల్డర్‌లో పెట్టేవారు. తమరొచ్చాక, ఆవకాయ కొలతలు కోడలికి చెప్పని అత్తగార్లలా, ఎవరి స్క్రిప్టులు (పని చేసిపెట్టే చిన్న ప్రోగ్రాములు) వాళ్ళ లాప్‌టాప్‌లో దాచుకోవడం మొదలుపెట్టారు; చీటీ వచ్చాక కూడా ఆ అలవాటు పోలేదు. పక్కవాడు మెరుగైతే తన రేటింగ్ దిగజారుతుందని చంటిపిల్లాడికైనా తెలుస్తుంది.

ఈ ఏడు వంతు ఒక కుర్రాడిది. మొన్ననే వాడికి బాబు పుట్టాడు. ఎలా చెప్పాలా అని తల పట్టుకుని కూర్చుంటే, రెండేళ్ళ కిందటి అమ్మాయి నా డెస్క్ దగ్గరకొచ్చింది. 'ఈసారీ నా పేరే రాసెయ్యన్నా. సోమవారం రిజిగ్నేషన్ పేపర్స్ వేస్తున్నా' అంది. నోటీస్ పీరియడ్‌లో ఉన్నవాళ్ళకి 4 రాయడం అన్ని టీముల్లోనూ ఆనవాయితీయే కాబట్టి హెచ్ఆర్ మేడమ్ కూడా సంతోషించారు. గడి ఒక్క క్లిక్‌తో పచ్చబడింది.

మాకు మిగిలింది 90 రోజులు. సర్వర్ని లేపే స్క్రిప్టు ఆ అమ్మాయి లాప్‌టాప్‌లో ఉంది. అడగడానికి రెండుసార్లు ఆమె సీటు దాకా వెళ్ళి, మంచినీళ్ళ బాటిల్ నింపుకుని వచ్చేశాను.

ఇట్లు,
తమరి విధేయుడు,
రేటింగ్ 3, మీట్స్ ఎక్స్‌పెక్టేషన్స్